పర్సోం అంటే ఎప్పుడు?

ల్యాబ్ టెక్నీషియన్ పనికి మంచి కళ్ళు కావాలని అందరూ చెబుతారు. చెవులు కూడా కావాలని నాకెవరూ చెప్పలేదు. నేను చదివిన పుస్తకాల్లోనూ లేదు. పాతబస్తీలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగమంతా గడిపి రిటైరయ్యాక, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పదగ్గది ఏముందా అని ఆలోచిస్తే ఇదే తోస్తోంది. ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. వచ్చినవాళ్ళకు వచ్చాయి, రానివాళ్ళకు రాలేదు.

నేను లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగాను. ఇంటర్ తర్వాత ల్యాబ్ కోర్సు, అక్కడితో బడి చదువు సరి. మిగిలిన చదువంతా మూసీ ఒడ్డున పెద్ద గ్రంథాలయంలో, రాతి గోడల చల్లదనంలో, ఎవరూ అడగని పుస్తకాలు అడిగి తెప్పించుకుని చదివింది. సూక్ష్మజీవుల చరిత్ర చదివాను. జబ్బులు ఏ దేశం నుంచి ఏ దేశానికి ఎలా పాకాయో చదివాను. నిఘంటువులను మొదటి పేజీ నుంచి నవలలాగా చదివాను. మా కేంద్రంలో అందరూ నన్ను ‘కితాబోం కా కీడా’, పుస్తకాల పురుగు, అనేవాళ్ళు. ఎగతాళికే అన్నా, నాకు లోపల గర్వంగానే ఉండేది. ఇప్పటికీ ఉంది.

అంత చదివినవాణ్ణి ఒక మాట గురించి రాస్తున్నాను. ఆ మాట నిఘంటువులో ఉంది. అర్థం మాత్రం సగమే ఉంది.

మూడుసార్లు అడిగేవాళ్ళం

మా కేంద్రం జహనుమా వెళ్ళే దారిలో, ఒక పాత అద్దె ఇంట్లో ఉండేది. ముందు గదిలో చిట్టీలు రాసే కిటికీ, పక్కన డాక్టర్ గది, వెనకాల వరండాకు తడకలు కట్టి నా ల్యాబ్. తొంభైలలో నేను చేరినప్పుడు నా ఆస్తి ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, రెండు మూడు రంగు సీసాలు. ఎక్కువగా చేసింది గళ్ళ పరీక్ష, అంటే దగ్గితే పడే కఫాన్ని చూడడం. దగ్గు మూడు వారాలు దాటిన ప్రతివాళ్ళ గళ్ళా పట్టి, గాజు పలక మీద పూసి, రంగు వేసి చూడాలి. క్షయ ఉంటే నీలి నేల మీద ఎర్రటి సన్నని పుల్లలు కనిపిస్తాయి. లేకపోతే ఉత్త నీలం.

కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: దగ్గు ఎప్పటి నుంచి? ఈ ప్రశ్న కిటికీ దగ్గర చిట్టీలు రాసే యాదమ్మ అడిగేది. లోపల డాక్టర్ గారు అడిగేవారు. నా దగ్గరికొస్తే నేనూ అడిగేవాణ్ణి. ముగ్గురికీ మూడు జవాబులు వచ్చేవి.

ఒక ముసలాయన నాకు బాగా గుర్తు. తాళాలు బాగుచేసేవాడు.

“ఎప్పటి సంది దగ్గు, చాచా?” అని యాదమ్మ అడిగితే, “పర్సోం సంది” అన్నాడు.

డాక్టర్ అడిగితే, “ఏమో సాబ్, పది దినాలైతుండొచ్చు” అన్నాడు. ఆయన ఛాతీ విని నా దగ్గరికి పంపారు. నేను గళ్ళ పట్టే డబ్బీ చేతికిచ్చి మళ్ళీ అడిగాను.

“ఎన్నిమాట్ల అడుగుతరయ్యా మీరు? పోలీసోళ్ళా?” అని విసుక్కున్నాడు. తర్వాత తనే, “బోనాల నాడు మస్తు వాన పడలే? గప్పుడు తడిసిన. గప్పటి సంది” అన్నాడు.

బోనాలు ఆషాఢంలో. అప్పటికి దసరా కూడా వెళ్ళిపోయింది.

పర్సోం అంటే ఉర్దూలో మొన్న. ఎల్లుండి అని కూడా అంటారు. నిఘంటువు చెప్పేది ఈ రెండే. మా బస్తీలో మూడో అర్థం ఒకటుంది. గడిచిపోయింది ఏదైనా పర్సోమే. మొన్న తిన్న బిర్యానీ పర్సోమే, తాత పెళ్ళి కూడా పర్సోమే. చార్మినార్ ఎప్పుడు కట్టిన్రని అడిగినా పర్సోమే అంటరని మాలో మేం నవ్వుకునేవాళ్ళం. ముసల్మాన్లు, తెలుగోళ్ళు అని లేదు, అందరికీ అదే అలవాటు. నేనూ అంతే. మాకది తప్పుగా తోచేది కాదు. ఎదుటివాడు “ఏ పర్సోం?” అని అడుగుతాడు, మనం బక్రీదు ముందనో, పీర్ల పండుగ తర్వాతనో చెబుతాం. మాట అక్కడ మొదలయ్యేది, ముగిసేది కాదు.

కంప్యూటర్ వచ్చింది

రెండు వేల సంవత్సరం దాటాక మా కేంద్రానికి కొత్త వస్తువులు రావడం మొదలైంది. మీట నొక్కితే తనే ఊదుకుని అంకె చూపించే బీపీ మిషన్ వచ్చింది. కూత పెట్టే థర్మామీటర్ వచ్చింది. వేలికొన నుంచి ఒక చుక్క తీస్తే అక్కడికక్కడే షుగర్ చెప్పే చిన్న పరికరం వచ్చింది. దాని విలువ మాకే తెలుసు. అంతకుముందు షుగర్ అనుమానముంటే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చేవాళ్ళం. సగం మంది వెళ్ళేవాళ్ళు కాదు, వెళ్ళినవాళ్ళలో సగం మంది రిపోర్టు కోసం తిరిగి పోయేవాళ్ళు కాదు. పుండు మానక కాలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. ఆ చిన్న పరికరాన్ని ఎవరైనా తిడితే నేను ఒప్పుకోను.

చివరికి కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు సునీత వచ్చింది. తెనాలి వైపు అమ్మాయి. తండ్రి ఆఫీసు ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాడు. చురుకైంది, మర్యాదైంది, టైపు కొడుతుంటే వడగళ్ళు పడ్డట్టుండేది. యాదమ్మను బయటి తిరుగుడు పనికి పంపి, కిటికీ దగ్గర సునీతను కూర్చోబెట్టారు. రోగి చెప్పింది ఆమె ఎక్కిస్తుంది. యంత్రం ఒక చీటీ అచ్చుకొడుతుంది. ఏ బాధ, ఎన్ని రోజులు, ఏ పరీక్ష అవసరం, అన్నీ అందులో ఉంటాయి. దగ్గు మూడు వారాలు దాటితే గళ్ళ పరీక్ష అని అదే రాస్తుంది. డాక్టర్ గారు ఆ చీటీ చూసి మందు రాయడమే.

“ఒకే ప్రశ్న ముగ్గురు అడగడం ఎంత దండగ” అన్నారు పాత డాక్టర్ గారి తర్వాత వచ్చిన మా డాక్టరమ్మ. మంచి మనిషి, ఎంత రద్దీ ఉన్నా మొహం చిట్లించని మనిషి. రోజూ వాకిలి దాటి వీధిలోకి వరుస ఉండేది. ఆమె అన్నది అన్యాయమేమీ కాదు.

మొదట మాకు మంచే కనిపించింది. టీకాల సంగతి చూడండి. మా బస్తీలో అద్దె ఇళ్ళు మారుతూనే ఉంటారు. ఏ పిల్లకు ఏ సూది మిగిలిందో కాగితాల్లో వెతికి పట్టుకోవడం అయ్యేపని కాదు. కంప్యూటర్ నెల మొదట్లోనే పేర్లు అచ్చుకొట్టి ఇచ్చేది. అలా యాదమ్మ ఒక గల్లీలో షమీమ్ అనే ఆమె తలుపు తట్టి, “నీ బిడ్డకు సూది బాకీ ఉన్నది” అంది.

షమీమ్ ఇంట్లో కూర్చుని మగ్గం పని చేసేది, పెళ్ళి బట్టల మీద జరీ పువ్వులు కుట్టడం. భర్త సౌదీలో కాదు, ఎక్కడో కాదు, ఇక్కడే ఆటో నడిపేవాడు. ఒక్కతే కూతురు, మున్నీ, అప్పటికి నాలుగేళ్ళది. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షకు వచ్చి నా మైక్రోస్కోపును చూసి, “భాయ్, ఈ దుర్బీన్ల నా తఖ్‌దీర్ గూడ కనబడతదా?” అని తన తలరాత సంగతి అడిగిన మనిషి. నోరు ఊరుకునేది కాదు. మున్నీని సూదికి తెచ్చిన రోజు సునీత కిటికీ లోపలికి తల పెట్టి, “మా బిడ్డ పేరు ఇండ్ల ఉన్నదా? ఏదీ, జూపియ్యి” అంది. సునీత తెర ఇటు తిప్పి చూపించింది. చదువు రాని షమీమ్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, “మా మొగోడు మర్షిపోతడు, మా అత్త మర్షిపోతది, ఇది మర్షిపోలే సూడు” అని అందరినీ నవ్వించింది.

తగ్గిన పని

కొన్ని నెలలకు నా దగ్గరికి వచ్చే డబ్బీలు తగ్గాయి. మధ్యాహ్నానికే చేతులు కడుక్కుని కూర్చునేవాణ్ణి. డాక్టరమ్మతో అన్నాను, “మేడం, దగ్గులు వింటున్నాను గానీ గళ్ళలు రావట్లేదు.”

“నర్సింగ్ గారూ, పని తగ్గిందని బాధపడే ఉద్యోగిని మిమ్మల్నే చూశాను” అని నవ్వారు. “జబ్బు తగ్గుతోందేమో, సంతోషించండి.”

తిండి మెరుగుపడితే క్షయ దానంతటదే తగ్గుతుందని నేనూ గ్రంథాలయంలో చదివి ఉన్నాను. అది మా బస్తీకే వచ్చిందేమో అనుకున్నాను.

చలికాలం మొదట్లో ఒక పొద్దున షమీమ్ నా తడక దగ్గర నిలబడింది. దగ్గు మందు చీటీ చేతిలో ఉంది. నా దగ్గరికి ఆమెను ఎవరూ పంపలేదు. కాసేపు నీడకు నిలబడింది, అంతే. నేను పోల్చుకోలేదు. ముందు ఆమె గాజులు చూశాను. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు మోచేతి దగ్గరున్నాయి. జారిపోకుండా పైకి తోసుకుంది.

“పహచాన్‌లే, భాయ్? దుర్బీన్ పాడైందా?” అంది. గొంతు బొంగురుగా ఉంది.

“దగ్గు ఎప్పటి సందమ్మా?”

“పర్సోం సంది.”

“ఏ పర్సోం?”

కొంచెం ఆలోచించింది. “మున్నీని బడిల ఏసినం గదా, గప్పుడు షురూ అయింది.”

బడులు తెరిచింది వానాకాలం మొదట్లో. నేను డబ్బీ చేతికిచ్చాను.

ఆ పలక నేను ఇప్పటికీ మరిచిపోలేదు. వెతికే అవసరం రాలేదు. కంటి కింద పెట్టగానే నీలమంతా ఎర్రబడి ఉంది. అన్ని పుల్లలు అంత దగ్గర దగ్గరగా నేను అంతకుముందు చూడలేదు.

ఆమె అంతకుముందు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ యంత్రంలో ఉంది. ప్రతిసారీ కొత్త పేజీ, కొత్త దగ్గు, రెండు రోజులు, దగ్గు మందు. ఎప్పుడొచ్చినా ఆమె పర్సోం సంది అనే చెప్పింది.

“నేను ప్రతిసారీ అడిగానండీ” అంది సునీత. మొహం ఎర్రబడింది. “మొన్నటి నుంచే అంది. ఆవిడే అబద్ధం చెప్పింది, నేనేం చెయ్యను?”

“అబద్ధం గాదమ్మా. ఇక్కడ పర్సోం అంటే మొన్న అనే గాదు.”

“నేను హిందీ పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసయ్యానండీ. పర్సోం అంటే మొన్నే.”

ఆమె చెప్పింది తప్పని నేను చూపించలేకపోయాను. నేను అంత గౌరవించే నిఘంటువు ఆమె వైపే ఉంది.

షమీమ్ ఇంట్లో

జబ్బు తేలిన మనిషి ఇల్లు చూసి రావాలి, ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారేమో అడగాలి. ఆ రోజు యాదమ్మ లేదు. సునీత తనే వస్తానంది. షమీమ్ అత్తను గల్లీలో అందరూ ఖాలా అంటారు. మమ్మల్ని చూసి చాప పరిచి, వద్దన్నా వినకుండా చాయ్ పెట్టింది. షమీమ్ లోపల పడుకుని ఉంది. మగ్గం గోడకు ఆనించి ఉంది, దాని మీద ఎవరో పెళ్ళికూతురి దుపట్టా సగం కుట్టి ఉంది.

గోడ మీద షమీమ్ పెళ్ళి ఫోటో ఉంది. అందులో చెంపలు నిండుగా ఉన్నాయి. సునీత దాన్నే చూస్తూ, మాట కలపడానికి, తన బడి హిందీలో, “షాదీ కబ్ హుయీ, ఖాలా?” అని పెళ్ళెప్పుడైందో అడిగింది.

ఖాలా చాయ్ గ్లాసు ఆమె చేతికిస్తూ, “పర్సోంచ్ తో హుయీ, బేటా” అంది.

మున్నీ బడి సంచీ మెడకు తగిలించుకునే ఖాలా వీపు మీదికి ఎక్కుతోంది. పలక మీద అ ఆలు రాసే వయసు పిల్ల.

సునీత ఫోటో వైపు చూసింది. మున్నీ వైపు చూసింది. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.  ఆ తర్వాత ప్రశ్నలన్నీ నేనే అడిగాను.

మేం లేస్తుంటే లోపలి నుంచి షమీమ్ సునీతను, అక్కను పిలిచినట్టు, పిలిచింది. “ఓ కంప్యూటర్ బాజీ! నా పేరు గూడ ఉన్నది గదా దాన్ల?”

“ఉందమ్మా” అంది సునీత.

“ఇగ ఫికర్ లేదు. అది మర్షిపోదు.”

దారిలో సునీత ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. 

అదే యంత్రం

మర్నాడు సునీత భోజనానికి లేవలేదు. దగ్గు, రెండు రోజులు అని తను ఎక్కించిన పేర్లన్నీ యంత్రాన్ని అడిగింది. సాయంత్రానికి పేర్లు, గల్లీలు, ఇంటి గుర్తులతో సహా వచ్చేశాయి. యాదమ్మ, సునీత, నేను, ఒక్కోరోజు డాక్టరమ్మ కూడా, ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గుమ్మంలో అదే ప్రశ్న: ఏ పర్సోం? వాళ్ళు నవ్వేవాళ్ళు. “ఇప్పుడు అడుగుతున్నరా?” అని ఒకామె దెప్పింది. నిజంగా మొన్న దగ్గి నిన్న తగ్గినవాళ్ళే ఎక్కువ. కానీ నా డబ్బీలు మళ్ళీ రావడం మొదలైంది, కొన్ని పలకల మీద ఎర్ర పుల్లలు కనిపించాయి. వాళ్ళకు మందులు మొదలుపెట్టాం. వేళకు దొరికారు కాబట్టి బతికారు.

ఇది దాచకుండా చెప్పాలి. కాగితాల రోజుల్లో ఇలాంటి పొరపాటు జరిగితే ఆ మనుషులందరినీ మళ్ళీ వెతికి పట్టుకోవడం మా తరం అయ్యేది కాదు. షమీమ్‌ను పోగొట్టిన యంత్రమే వాళ్ళను తెచ్చి ఇచ్చింది. దాన్ని తిట్టుకుందామని నేను చాలాసార్లు అనుకున్నాను. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం దాని పని. మళ్ళీ అడగడం మా పని. పని త్వరగా తెములుతుందని ఆ రెండో పని మేం మానేశాం. డాక్టరమ్మ కూడా ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని అదే అన్నారు: “చీటీ అచ్చులో ఉంటే, అడిగేశారులే అనిపిస్తుంది నర్సింగ్ గారూ. చేతిరాతైతే మళ్ళీ అడిగేదాన్ని.”

ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళు ఒకసారి వస్తే, ఏ పండుగ నుంచి అని అడిగే గడి ఒకటి పెట్టమని సునీత బతిమాలింది. పండుగలతో లెక్క కుదరదన్నారు. ఆమె ఒక కాగితం ముక్క మీద ‘ఏ పర్సోం?’ అని రాసి తెర అంచుకు అంటించుకుంది. దుమ్ము పట్టి పచ్చబడినా తీయలేదు.

షమీమ్ మందులు మింగింది. ఒక్క పూట మానలేదు. కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువ. ఛాతీ ఆసుపత్రిలో చేర్పించారు. రంజాన్ నెల మొదలుకాకముందే పోయింది. ఆ సగం దుపట్టాను ఖాలా ఎవరికో ఇచ్చి పూర్తి చేయించిందని యాదమ్మ చెప్పింది. పెళ్ళికూతురి వాళ్ళకు మాట ఇచ్చి ఉన్నారట.

చివరిగా ఒకటి

తర్వాత డాక్టరమ్మ బదిలీ అయ్యారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక యువకుడు వచ్చాడు. అప్పటికి డాక్టర్ బల్ల మీద కూడా ఒక తెర వచ్చింది. నేను రిటైరవడానికి కొద్దిగా ముందు, ఒక రోజు ఖాలా మున్నీని తీసుకొచ్చింది. పిల్ల పొడుగైంది. ముక్కు కారుతోంది, దగ్గుతోంది. సునీత కుర్చీలోంచి లేచి వచ్చి, బెంచీ మీద ఖాలా పక్కన కూర్చుంది.

“ఏ పర్సోం, ఖాలా?”

మున్నీయే జవాబు చెప్పింది. “నిజంగ పర్సోమే, బాజీ. బేస్తారం నాడు ఐస్ గోలా తిన్న. దాదీకి చెప్పకు.”

“ఇన్న, ఇన్న” అంది పక్కనే ఉన్న నానమ్మ, ఖాలా.

సునీత నవ్వింది. అయినా పిల్ల గళ్ళ డబ్బీ నా చేతికొచ్చింది. అప్పటికి మా కేంద్రంలో అది పద్ధతి అయింది. నేను చూసి, ఏమీ లేదని చెప్పడానికి డాక్టర్ గదిలోకి వెళ్ళాను. సునీత చీటీ పట్టుకుని గుమ్మంలో ఉంది. ఆ యువకుడు తెర చూస్తూ ఖాలాను అడుగుతున్నాడు. మంచిగానే అడుగుతున్నాడు.

“పాప వాళ్ళమ్మ రాలేదా?”

“గుజర్ గయీ, సాబ్.”

“అయ్యో. ఎప్పుడు?”

“పర్సోం.”

అతని చెయ్యి ఆగిపోయింది. “మొన్ననా?” అన్నాడు.

“మొన్న కాదు సార్” అంది సునీత గబగబా. “రెండేళ్ళు దాటింది. ఇక్కడ పర్సోం అంటే...”

ఖాలా ఆమె వైపు తిరిగింది. తెలుగు ఆమెకు బాగా వచ్చు.

“మొన్ననే, బేటా” అంది.